సంపాదకుని మాట: చదువుకీ పాటకీ ఒకే ల్యాప్‌టాప్

కాలేజీలో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనే రోజులివి. ఆ పిల్లకో పిల్లాడికో బాణీలు కట్టే ఇష్టం కూడా ఉంటే, కొట్లో అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. అందుకే ఈ సంచికలో ఆ ఎంపికకే ఎక్కువ పేజీలిచ్చాం.

నోట్సుకీ, ప్రాజెక్టు రిపోర్టుకీ 8 జీబీ ర్యామ్ సరిపోవచ్చు. తబలా, వీణ, వయొలిన్ శాంపిళ్లు, అంటే ముందే రికార్డు చేసిన ధ్వనులు, ఒక్కసారిగా తెరిస్తే అది ఇట్టే నిండిపోతుంది. 16 జీబీకి తగ్గొద్దనే నా మాట. చాలా సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. శాంపిళ్లనైతే బయటి ఎస్ఎస్‌డీలో దాచుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బు పోయకండి. పాటకు కావలసింది ప్రాసెసర్. 44,100 హెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర 256 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 6 మిల్లీసెకన్ల ఆలస్యం. ప్రాసెసర్ తట్టుకోలేక దాన్ని 1,024కి పెంచితే 23 దాటుతుంది. కీబోర్డు మీద మృదంగం జతులు వాయించే వేలికి ఆ జారుడు వెంటనే తెలిసిపోతుంది.

ఫ్యాన్ చప్పుడూ వినండి. హాస్టల్ గదిలో మైకు ల్యాప్‌టాప్ పక్కనే ఉంటుంది మరి. 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. మ్యాకా, విండోసా అన్నది బాణీలు కట్టే సాఫ్ట్‌వేర్‌ని బట్టి కూడా ఉంటుంది: లాజిక్ ప్రో విండోస్‌లో నడవదు. ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్ అయితే మ్యాక్, విండోస్ రెండింటిలోనూ నడుస్తాయి. ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకుని, ఆ తర్వాతే కొట్టుకు వెళ్లండి.