ఆ ఏడు ఎక్కణ్ణించి వచ్చింది?



అమెరికాలోని మన తునివాళ్ల సంఘం దీపావళి విందు నాటి గుసగుసలు ఇంకా సద్దుమణగలేదు. మనలో ఒకరి అబ్బాయి యూనివర్సిటీలో మ్యాథ్స్ మేజర్ వదిలేసిన సంగతి రెండు సెమిస్టర్లు గడిచాక గానీ ఇంట్లో తెలియలేదు. పేరు రాయను, ఫోన్ చేసి అడక్కండి. ఆ తల్లి ఎదుట నిలబడి "అయ్యో, లెక్కల్లో అంత చురుకైన పిల్లాడే!" అంటూ సానుభూతి ఒలకబోసినవాళ్లు మాత్రం ఈ నాలుగు ముక్కలూ పూర్తిగా చదవాలి.

మా అమ్మాయి కూడా మ్యాథ్స్ రెండో ఏడు చదువుతోంది. అందుకే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మన పిల్లలు అబాకస్‌తో మొదలెట్టి, హైస్కూల్లో ఏపీ కాల్క్యులస్ బీసీ పరీక్షలో ఐదుకి ఐదు తెచ్చుకుని, మొదటి ఏడాది కోర్సులు దాటేసి తిన్నగా రియల్ అనాలిసిస్ క్లాసులో కూర్చుంటారు. అక్కడ అడిగేవి నిరూపణలు; చెయ్యి ఎంత వేగంగా తిరిగినా లాభం లేదు. మొన్న మా అమ్మాయికిచ్చిన హోంవర్కులో ఒకటి చెప్తాను. ఎక్స్ స్క్వేర్ అనే ఫంక్షన్ 3 దగ్గర కంటిన్యువస్ అని ఎప్సిలాన్-డెల్టాతో నిరూపించాలి. ఒకటి, ఎప్సిలాన్‌లో ఏడో వంతు, ఈ రెండిట్లో ఏది చిన్నదైతే దాన్ని డెల్టాగా తీసుకుంటే సరిపోతుంది. తునిలో రైలెక్కి కాకినాడ వెళ్లి బీఎస్సీ ఎంపీసీ చదివిన మన తరం ఇలాంటివి గైడులో చూసి బట్టీపట్టి, పరీక్షలో దించేసి వచ్చేసింది. ఆ ఏడు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది అంటే ఎక్స్ మైనస్ మూడుని ఎక్స్ ప్లస్ మూడుతో గుణించడమే; ఎక్స్ మూడుకి ఒకటి దూరం లోపలే ఉంటే, ఎక్స్‌కి మూడు కలిపినా ఏడు దాటదు. అంతే సంగతి. ప్రశ్నలో 3 తీసేసి 5 పెడితే ఏడు కాస్తా పదకొండవుతుంది, బట్టీ గోవిందా!

ఈ ఒక్కదాని మీద మా పిల్ల శనివారం సాయంత్రమంతా కూర్చుంది. వాళ్ల నాన్న గుమ్మంలోంచి తొంగిచూసి "ఇంకా అదేనా?" అన్నారు. ఆ రెండు మాటలకే దాని మొహం వాడిపోయింది. అదే అమ్మా ఈ చదువు, ఒక్క లెక్క మీద అలా కూర్చోవడమే పని. కాలేజీ పిల్లలకి డిసెంబరులో జరిగే పుట్నం లెక్కల పోటీనే చూడండి, 12 లెక్కలకి 120 మార్కులు. రాసేది అమెరికా, కెనడాల్లో లెక్కలంటే చెవికోసుకునే పిల్లలే. అయినా సగం మందికి సున్నానో ఒకటో వచ్చి ఊరుకున్న ఏళ్లు బోలెడు. వందకి తొంభై ఎనిమిదొస్తే మిగతా రెండూ ఏవని అడిగే ఇళ్లల్లో పెరిగిన పిల్లలకి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలి కదా?

మన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలోనే మ్యాథ్స్ ఎం.ఏ. చేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది రాక, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో రాసిన వ్యాసానికి 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అప్పుడు మన వాట్సాప్ గ్రూపంతా "మనవాడు, మనవాడు" అని మోగిపోయింది. అదే గ్రూపులో మనింటి పిల్లాడు "కంప్యూటర్ సైన్స్ కాదు, మ్యాథ్స్" అంటే మాత్రం పరామర్శలు మొదలవుతాయి!

ఉద్యోగాల భయం నాకూ ఉంది. హెచ్-1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అన్న కబురు విన్న దగ్గర్నించీ ఎవరికి లేదు? కానీ మ్యాథ్స్ డిగ్రీ కూడా స్టెమ్ కిందికే వస్తుంది; ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్న పిల్లలకి, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ పన్నెండు నెలల మీద మరో 24 నెలలు పొడిగించుకునే వీలు దీనికీ ఉంది. ఇక ఊళ్లో, తునిలో, మన అన్నదమ్ముల పిల్లలు ఇంటర్ అయ్యీ అవగానే ఇంజనీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి పరుగెడుతున్నారు. వాళ్లలో లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ బీఎస్సీ, బెంగళూరు ఐఎస్ఐ బీమ్యాథ్ పేర్లు చెవిన వెయ్యండి.

ఇక్కడ అమెరికాలో యూనివర్సిటీలు మార్కులు మనకి పంపవు. పిల్లలు చెప్తేనే తెలుస్తుంది. "అమ్మా, నాకు అర్థం కావట్లేదు" అని వాళ్లు నోరు తెరిచిన రోజున దయచేసి పక్కింటివాళ్ల అమ్మాయి ప్రస్తావన తేకండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక సంఘం కబుర్లు. దీపావళి నాడు అర్ధరాత్రి దాకా గిన్నెలు తోమి, హాలు ఊడ్చి తాళం వేసిన కుర్రాళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు. చందా కట్టనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, మీకే తెలుసు. సభ్యుల డైరెక్టరీకి ఊరి చిరునామాలు పంపేటప్పుడు కాకినాడ జిల్లా అని రాయండి. 2022 ఏప్రిల్ నుంచి మన తుని తూర్పు గోదావరిలో లేదు, ఎంత మనసొప్పకపోయినా. ఉగాది వంటల జాబితాలో పులిహోర పేరు ఇప్పటికే తొమ్మిదిమంది రాశారు; పదో గిన్నె వద్దు.

సభ్యుల్లో లెక్కలు చెప్పేవాళ్లు ముగ్గురు, కాలేజీ పిల్లల కోసం ఆదివారం సాయంత్రాలు జూమ్‌లో కూర్చుంటామని ముందుకొచ్చారు. లింకు పిల్లలకే పంపుతాం. పెద్దలు ఆ గదిలోకి రాకూడదు, టీ ఇవ్వడానికైనా సరే.