పేస్‌మేకర్ అమర్చిన తొలి దినాలు: ఔషధం కన్నా పరిచర్య మిన్న

ఇంటిలో ఒకరికి శస్త్రచికిత్స జరిగినప్పుడు మిగిలినవారు ఆందోళన చెందడం సహజం. ఆ చికిత్స గుండెకు సంబంధించినదైతే ఇంటిల్లిపాదీ వైద్యులైపోతారు. గాయానికి పసుపు పట్టు వేయమని ఒకరు, భుజానికి నువ్వులనూనె మర్దించమని మరొకరు, తెల్లమద్ది బెరడు కషాయం మూడు పూటలా ఇమ్మని వేరొకరు సలహా చెబుతారు. పేస్‌మేకర్ అమర్చుకుని వచ్చినవారికి తొలి దినాలలో ఇవేవీ అవసరం లేదనీ, కొన్ని హాని కూడా చేస్తాయనీ, వారికి కావలసినది చక్కని పరిచర్య ఒక్కటేననీ నా దృఢాభిప్రాయం. ఈ మాట ఆధునిక వైద్యుల కన్నా ఆయుర్వేద వైద్యుడు చెబితేనే మన గృహస్థులు వింటారు గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్ రూపురేఖలే మారిపోయాయి. నేడు అక్కడి నుండి కొండాపూర్, గచ్చిబౌలి వరకు బహుళ అంతస్తుల భవనాలే. వాటిలో కంప్యూటరు ఉద్యోగులతో బాటు జిల్లాల నుండి వచ్చి బిడ్డల వద్ద ఉంటున్న తల్లిదండ్రులు కూడా ఎందరో ఉన్నారు. పెద్ద ఆసుపత్రులు కూతవేటు దూరంలోనే ఉండటం వారి అదృష్టం. పేస్‌మేకర్ అమర్చడానికి సాధారణంగా గంట, రెండు గంటలకు మించి పట్టదు. ఒకటి రెండు రోజులలో ఇంటికి పంపివేస్తారు. ఆపరేషన్ నాడు కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు అందరూ సెలవు పెట్టి వస్తారు. అమెరికాలో ఉన్నవారు గంటకొకసారి ఫోను చేస్తారు. నాలుగవనాటికి ఎవరి కార్యాలయాలకు వారు వెళ్ళిపోతారు. పన్నెండవ అంతస్తులోని ఇంట్లో ఆ పెద్దాయన, ఎదురుగా ఒక టెలివిజను మాత్రం మిగులుతారు. చికిత్స జరిగిన గంటకు పదిమంది ఉండి, కోలుకునే పది దినాలకు ఒక్కరూ లేకపోవడం సబబేనా అని పాఠకులు ఆలోచించాలి.

ముందుగా ఈ యంత్రం చేసే పని తెలుసుకుందాం. గుండె కొట్టుకోవడానికి ఆధారమైన విద్యుత్ ప్రేరణ గుండెలోనే పుడుతుంది. ఆ ప్రేరణ మందగించినా, దాని మార్గంలో అడ్డంకి ఏర్పడినా నాడి నెమ్మదిస్తుంది. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం జరుగుతాయి. అప్పుడు కంఠాస్థి క్రింద, ఎక్కువగా ఎడమవైపు, చర్మం అడుగున అగ్గిపెట్టె కన్నా చిన్నదైన యంత్రాన్ని ఉంచి, దాని తీగలను సిర గుండా గుండెలోకి పంపుతారు. వ్యానవాయువుకు హృదయం స్థానమని మన శాస్త్రం చెప్పింది. అయినా, పూర్తిగా తెగిన విద్యుత్ మార్గాన్ని ఏ కషాయమూ తిరిగి కలపలేదు. తెల్లమద్ది గొప్ప ఓషధే, కాని అది ఈ యంత్రానికి బదులు కాదు.

ఈ చికిత్స చరిత్రలో కూడా పరిచర్యకు పెద్ద స్థానమున్నది. 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడన్ దేశంలో ఆర్నే లార్సన్ అనే 43 సంవత్సరాల వ్యక్తికి ప్రపంచంలోనే మొదటిసారిగా శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. దానిని తయారు చేసినవారు రూనె ఎల్మ్‌క్విస్ట్, అమర్చినవారు శస్త్రవైద్యులు ఓకె సెన్నింగ్. రోజుకు అనేక పర్యాయాలు స్పృహ కోల్పోతున్న భర్తను బ్రతికించమని పట్టు విడువకుండా వారి వెంటబడినది ఆయన భార్య ఎల్స్-మేరీ. మొదటి యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయింది. అయినా లార్సన్ తన జీవితంలో 26 యంత్రాలు మార్చుకుంటూ 2001 వరకు, 86 ఏళ్ళు జీవించారు. ఆయన ఆయుర్దాయంలో వైద్యుల ప్రజ్ఞతో బాటు ఆ ఇల్లాలి పట్టుదలకూ భాగమున్నది.

చికిత్సకు నాలుగు పాదాలని చరకుడు చెప్పాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే. ఉపచారం తెలిసి ఉండటం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచి. నేటి ఆసుపత్రులు మొదటి రెండు పాదాలను చక్కగా సమకూరుస్తున్నాయి. మూడవ పాదాన్ని సమకూర్చవలసినది ఇల్లు. జీతానికి పెట్టుకున్న ఆయాకు దక్షత, శుచి ఉండవచ్చును. అనురాగం మాత్రం ఇంటివారే ఇవ్వాలి.

గురుకులంలో మా గురువుగారు సుశ్రుత సంహిత సూత్రస్థానం పందొమ్మిదవ అధ్యాయాన్ని ప్రత్యేక శ్రద్ధతో బోధించేవారు. దాని పేరు వ్రణితోపాసనీయం. గాయపడినవానిని ఎట్లా చూసుకోవాలో చెప్పే అధ్యాయమది. శుభ్రమైన గది, విశాలమైన పడక, ఈదురుగాలి తగలని చోటు, ప్రియమైన మాటలతో బాధ మరపించే మిత్రులు ఉండాలని ఆ అధ్యాయం చెబుతుంది. పగటినిద్ర కూడదని, వైద్యుని మాట జవదాటరాదని హెచ్చరిస్తుంది. ఇక ఆహారం చూడండి. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ ముట్టరాదని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. సుశ్రుతుడు మాత్రం నేతితో పాత బియ్యపు అన్నం, పెసరకట్టు, తోటకూర, లేత ముల్లంగి, వంకాయ, పొట్లకాయ, కాకర, దానిమ్మ, ఉసిరి హితమన్నాడు. కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, ఉలవలు, పిండివంటలు వద్దన్నాడు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఉప్పు, నెయ్యి, పండ్ల విషయంలో తమ వైద్యులు చెప్పిన పరిమితి పాటించాలి. రక్తం పలుచబరిచే మందు వాడేవారు ఆకుకూరల పరిమాణాన్ని హఠాత్తుగా పెంచడం, తగ్గించడం చేయరాదు.

ఇక చేయకూడని వాటిని స్పష్టంగా చెబుతాను. కుట్లు మానే వరకు గాయంపై పసుపు, కలబంద, తైలం, విభూతి ఏవీ తాకించరాదు. వంటింటి పసుపు ఎంత మంచిదైనా సూక్ష్మక్రిమి రహితం కాదు. యంత్రం ఉన్నచోట చీము పట్టితే యంత్రాన్ని, తీగలను కూడా తీసివేయవలసి రావచ్చును. వైద్యులు అనుమతించే వరకు తలంటు, నలుగు మానివేసి, గాయం తడవకుండా తడిబట్టతో ఒళ్ళు తుడవాలి. ఛాతీకి, భుజానికి మర్దన, కాపడం పనికిరావు. అతిమధురం ఎక్కువగా వాడితే శరీరంలో పొటాషియం తగ్గి గుండె లయకు చేటు కలుగుతుంది. రక్తం పలుచబరిచే మందులతో బాటు గుగ్గులు, వెల్లుల్లి ఔషధంగా వాడరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది జ్వరం. కొండాపూర్ నుండి ఒక గృహిణి తన మామగారి విషయమై నాకు ఫోను చేశారు. పేస్‌మేకర్ అమర్చి ఆరు దినాలైనదట, సాయంత్రం కొద్దిగా ఒళ్ళు వెచ్చబడినదట, ఇంట్లో ఉన్న త్రిభువనకీర్తి రసం ఎన్ని మాత్రలు వేయాలని ప్రశ్న. ఒక్కటీ వేయవద్దని, ఆ రాత్రే ఆపరేషన్ చేసిన వైద్యులకు చూపమని చెప్పాను. గాయం అంచున అప్పటికే ఎర్రదనం మొదలైనదట. సకాలంలో చికిత్స జరిగి ఆయన కోలుకున్నారు. త్రిభువనకీర్తి, ఆనందభైరవి వంటి రసౌషధాలలో వత్సనాభి ఉంటుంది. మోతాదు మించితే, శుద్ధి సరిగా లేకపోతే అది గుండె లయనే చెడగొడుతుంది. పైగా జ్వరాన్ని అణచివేసి లోపలి ప్రమాదాన్ని కప్పిపుచ్చుతుంది. జ్వరం, గాయం ఉబ్బడం, ఎర్రబడటం, రసి కారడం, చేయి వాయడం, కళ్ళు తిరగడం, ఆయాసం, ఆగని వెక్కిళ్ళు కనిపిస్తే ఇంటివైద్యం కోసం వెదకక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తీగల కొసలు గుండె కండరంలో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందువలన సుమారు 4 నుండి 6 వారాలు ఆ వైపు చేతిని భుజం కన్నా ఎత్తుకు లేపరాదు. అటకపై డబ్బా అందుకోవడం, బాల్కనీ తీగపై బట్టలు ఆరవేయడం, మనుమడిని ఎత్తుకోవడం, సూర్యనమస్కారాలు మానాలి. ముందు గుండీలున్న చొక్కా తొడగాలి. అట్లాగని చేతిని కదలనివ్వక ఒడిలో దాచుకుంటే భుజం బిగిసి అవబాహుకం వస్తుంది. భుజం ఎత్తుకు లోబడి కదిలిస్తూనే ఉండాలి. పూట పూటకూ ఇంట్లోనే కొద్దికొద్దిగా నడవాలి.

యంత్రాల నగరంలో మరికొన్ని జాగ్రత్తలు అవసరం. సెల్‌ఫోను చొక్కా జేబులో పెట్టక, యంత్రానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, రెండవ చెవి వద్ద మాట్లాడాలి. ఇండక్షన్ పొయ్యికి రెండు అడుగుల ఎడం పాటించాలి. అంగళ్ళలో, మెట్రో స్టేషనులో తనిఖీ ద్వారం గుండా ఆగకుండా నడిచిపోవచ్చును, దానికి ఆనుకుని నిలబడరాదు. ఆసుపత్రివారిచ్చిన గుర్తింపు కార్డు ఎల్లప్పుడూ వెంట ఉండాలి.

అయితే ఇందులో ఆయుర్వేదానికి స్థానమే లేదా అని కొందరు అడుగవచ్చును. ఆయుర్వేదమంటే సీసాలు, పొట్లాలు అనుకునేవారికే ఆ సందేహం కలుగుతుంది. ఆహారం, నిద్ర, శుచి, సద్గోష్ఠి ఇవన్నీ ఆయుర్వేదమే. ఔషధాల మాట గాయం పూర్తిగా మానిన పిమ్మట, గుండె వైద్యులకు తెలియజేసి, వారి మందులు మానకుండా ఆలోచించవచ్చును.

కనుక ఉద్యోగస్థులైన బిడ్డలకు నా విన్నపం ఒక్కటే. ఆపరేషన్ నాడు అందరూ సెలవు పెట్టవద్దు. ఆ దినాలను పంచుకోండి. మొదటి పది దినాలు ఎవరో ఒకరు ఇంట ఉండేటట్లు చూసుకోండి. 2020 నుండి ఇంటి వద్ద కూర్చుని ఉద్యోగం చేయడం మీకు అలవాటైన పనే కదా. మీ కంప్యూటరును తండ్రిగారి మంచం ప్రక్కకు జరుపుకోండి. పూటకు ఒకసారి గాయం చూడండి, మందులు వేళకు అందించండి, పెసరకట్టు కలిపి పెట్టండి, ఊరి సంగతులు మాట్లాడండి. ఈ అనుపానం లేనిదే ఏ చికిత్సా సంపూర్ణం కాదు.