ఆపరేషన్ తర్వాత నొప్పిని ఓర్చుకోవాలా?

ప్రశ్న: మా నాయనకు 74 ఏళ్ళు. పెద్దపేగులో గడ్డ ఉంది, పొట్ట కోసి తీయాలని నెల్లూరులో డాక్టర్లు చెప్పారు. బీడీలు మానేసి చాలా కాలమైనా దగ్గు పోలేదు. గుండెకు స్టెంట్ వేసినందువల్ల రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నాడు. ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా పొట్ట పక్కల నరాలకు మత్తు ఇంజక్షన్ ఇస్తామంటున్నారు. ఆయనేమో "నేను ఓర్చుకుంటాలే, సూదులెందుకు" అంటున్నాడు. నరాలకు సూది వేస్తే కాళ్ళు పడిపోతాయని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, విడవలూరు

జవాబు: మీ నాయనగారి ఓర్పు మెచ్చుకోదగినదే గాని, ఇక్కడ అది ఆయనకు మేలు చేయదు. పొట్ట కోసిన మనిషికి గట్టిగా ఊపిరి తీసినా, దగ్గినా, పక్కకు ఒత్తిగిలినా కుట్ల దగ్గర ప్రాణం పోయినంత పని అవుతుంది. అందుకని పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గు వస్తే బిగబట్టుకుంటాడు. ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగా విచ్చుకోవు, కఫం పేరుకుంటుంది. పడుచువాళ్ళు తట్టుకుంటారు. డెబ్బై దాటి, బీడీలు కాల్చిన ఛాతీ అయితే న్యుమోనియాకు దారి తీయవచ్చు. కదలకుండా పడుకుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఒకటి. నొప్పి, నిద్రలేమి తోడై కొందరు వృద్ధులు రెండు మూడు రోజుల్లో అయోమయంలో పడి, కన్నబిడ్డల్ని కూడా గుర్తు పట్టరు.

మార్ఫిన్ వంటి ఇంజక్షన్లు చాలవా అంటారేమో. అవి నొప్పిని తగ్గిస్తాయి. కాని పెద్ద వయసులో మగత, వాంతులు, మలబద్ధకం తెస్తాయి. మోతాదు మించితే ఊపిరే మందగిస్తుంది. డైక్లోఫెనాక్ వంటి మందులు గుండె జబ్బు ఉన్నవారికి తగవు, మూత్రపిండాలకూ మంచివి కావు. నరాలకు మత్తు ఇస్తే ఈ మందుల అవసరం తగ్గుతుంది.

పొట్ట పక్క గోడలో మూడు కండరాల పొరలున్నాయి. లోపలి రెండు పొరల నడుమ నుంచి నరాలు ముందుకు సాగుతాయి. కోత నొప్పిని మోసుకుపోయేది ఇవే. అల్ట్రాసౌండ్ తెర మీద ఆ పొరలను చూస్తూ, సన్నని సూదితో రెండు పక్కలా బుపివకెయిన్ గాని రోపివకెయిన్ గాని ఆ సందులో వదులుతారు. దీనిని టాప్ బ్లాక్ అంటారు. 2001లో రఫీ అనే డాక్టరు ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు చేతి స్పర్శతోనే చోటు గుర్తించేవారు. ఇప్పుడు కంటితో చూసి చేస్తున్నారు. రోగి మత్తులో ఉండగానే ఇస్తే గుచ్చినట్టే తెలియదు.

కాళ్ళ సంగతి. ఈ సూది వెన్నుపాము దగ్గరికి పోదు. అరుదుగా మందు కాస్త కిందికి పాకి తొడ నరానికి తగిలి, కొన్ని గంటలు కాలు బలహీనంగా ఉండవచ్చు, తర్వాత అదే పోతుంది. కాబట్టి మొదటిసారి లేచేటప్పుడు ఒంటరిగా లేవనివ్వకండి. వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ దీనికంటే బలమైనదే. కాని దానితో రక్తపోటు పడిపోవచ్చు. గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారికి వెన్నుపాము పక్కన రక్తస్రావమయ్యే భయముంది. మీ డాక్టర్లు పొట్ట పక్క సూదిని ఎంచుకోవడానికి అదే కారణమై ఉండవచ్చు. ఆ మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, స్టెంట్ మూసుకుపోగలదు. గుండె డాక్టరూ, సర్జనూ, మత్తు డాక్టరూ కలిసి తేల్చవలసిన విషయమది.

ఈ సూదితో నొప్పి పూర్తిగా పోతుందనుకోకండి. పేగుల లోపలి నొప్పి దీనికి లొంగదు, అందుకు పారాసెటమాల్ వంటివి వేళ ప్రకారం ఇస్తారు. కోత బొడ్డుకు పైదాకా పోతే సూది చోటు మార్చవలసి రావచ్చు. ఇంజక్షన్ తర్వాత పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి అంటే వెంటనే నర్సుకు చెప్పండి. మందు రక్తంలో ఎక్కువగా కలిసిందన్న గుర్తులవి.

మత్తంటే భయం మనవాళ్ళకు కొత్త కాదు. 1888, 1889లలో హైదరాబాదులో నిజాం ఆదరణతో క్లోరోఫారం కమిషన్లు జరిగాయి. నాడిని కాదు, ఊపిరిని చూడండని ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ వాదించాడు. క్లోరోఫారం గుండెను కూడా ఆపగలదని తర్వాత తేలి, ఆయన వాదం పూర్తిగా నిలవలేదు. ఊపిరిని కనిపెట్టమన్న మాట మాత్రం మంచం పక్కన కూర్చునే మీకు ఇవాళా పనికొస్తుంది. "నొప్పిగా ఉందా నాయనా" అని అడిగితే లేదనే అంటాడు. "ఒకసారి గట్టిగా దగ్గు" అనండి. దగ్గలేకపోతే నొప్పి మందు చాలలేదన్నమాట, డాక్టరుకు చెప్పండి. కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని దగ్గమనండి.

ఈ మత్తు సాధారణంగా అరపూట నుంచి ఒక రోజు వరకు పనిచేస్తుంది. అది ఏ వేళకు తగ్గవచ్చో ముందే అడిగి తెలుసుకోండి. అర్ధరాత్రి తగ్గేటట్లుంటే, నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా పడుకోబోయే ముందే తర్వాతి మందు ఇమ్మనండి.