ఆట ముగిసేదాకా గుండెపోటు ఆగదు

మీ అభిమాన జట్టు పరాయి గడ్డపై ఆడబోతున్నది. ప్రత్యర్థి బలమైనది, మైదానం వారిది, కేకలు వారివి. రెండు రోజులుగా మీకు నిద్ర లేదు. ‘ఆటే కదా, ఎందుకంత ఆరాటం?’ అని ఇంట్లోవారు నవ్వవచ్చు. నేను నవ్వను. ఆటగాడు తన ఉద్వేగాన్ని పరుగులో ఖర్చు చేస్తాడు. మీరు కుర్చీలో కూర్చొని దిగమింగుతారు.

2024 జూన్ 11న దోహాలో మన జట్టుకు అటువంటి పరీక్షే ఎదురైంది. ఖతార్‌ను ఓడిస్తే ప్రపంచకప్ అర్హత పోటీల మూడవ రౌండు మనదే. అయిదు రోజుల ముందే సునీల్ ఛెత్రి వీడ్కోలు పలికాడు. అయినా ఛాంగ్తే గోల్‌తో మనవారే ముందంజ వేశారు. 73వ నిమిషంలో, గీత దాటిపోయిన బంతిని వెనక్కి లాగి ఖతార్ చేసిన గోల్‌ను రిఫరీ అంగీకరించాడు. చివరికి 2-1తో ఓడిపోయాము. ఆ రాత్రి ఎందరి రక్తపోటు ఎంత పెరిగిందో ఎవరు లెక్కించారు?

జర్మన్ వైద్యులు ఒకసారి లెక్కించారు. 2006 ప్రపంచకప్‌లో జర్మనీ ఆడిన రోజులలో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధిత అత్యవసర కేసులు 2.66 రెట్లయ్యాయి. అప్పటికే హృద్రోగం ఉన్నవారిలో అవి నాలుగు రెట్లు. ఆట మొదలైన తొలి రెండు గంటలలోనే కేసులు అత్యధికం.

కనుక ఆట చూడవద్దంటానా? అనను. నా కోపం ఆటపై కాదు, ‘ఆట అయ్యాక చూద్దాం’ అనే మాటపై. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, చేయి లాగుతున్నా ‘గ్యాస్’ అనుకొని, సోడా తాగి, చివరి ఈల దాకా కూర్చున్నవారిని నా వృత్తిలో చూశాను. దానిని అభిమానమంటారా? అది మూర్ఖత్వం. రక్తనాళం మూసుకుపోతే గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతుంది. రిఫరీ అదనపు సమయం ఇస్తాడు, గుండె ఇవ్వదు.

రక్తపోటు మాత్ర వేళకు వేసుకోండి. సిగరెట్టు, మద్యం దూరంగా ఉంచండి. ఒంటరిగా చూడకండి. ఛాతీలో నొప్పి మొదలైతే స్కోరు ఎంతైనా సరే, 108కు ఫోన్ చేయండి. స్వయంగా బండి నడుపుకొంటూ బయలుదేరకండి.

జట్టు ఈ రోజు ఓడితే మరొక రోజు గెలుస్తుంది. ఆ గెలుపు చూడడానికి మీరు ఉండాలి.