బిందె అడుగున మడ్డి



వానాకాలములో రాత్రి తోడిపెట్టిన బిందెను ఉదయమున వంచితే అడుగున మడ్డి కనబడుట పల్లెలలో అనేకులకు అనుభవమే. పైనున్న నీరు తేటగా ఉన్నది గనుక భయము లేదనుకొందుము. ఈ నెల మేము చెప్పదలచినది ఆ తేట నీటిని గూర్చియే.

ముందుగా మడ్డి ఎక్కడిదో చూడవలెను. వాన వెలిసిన మరునాడే నీరు ఎర్రబడితే, పై నీరు బావిలోనికి దిగుచున్నదని అర్థము. గట్టు లేకపోవుట, చప్టా పగులుట, వరల మధ్య సందులు పడుట దీనికి కారణములు. మట్టితోపాటు పేడ, మనుష్యుల మలము కూడా ఆ దారినే దిగును. కలరా, టైఫాయిడ్, కామెర్లు వచ్చునది అందువలననే. గనుక సిమెంటు పని వాయిదా వేయకండి. మోటారు వేసినప్పుడే బురద వస్తే ఫుట్‌వాల్వు అడుగుకు దగ్గరగా ఉన్నదేమో, పైకి తీయించి చూడండి. తోడినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలిన తరువాత ఎర్రని మడ్డి దిగితే అది చాలావరకు మన్ను కాదు, ఇనుము.

మన పెద్దలు చిల్లగింజను కుండ లోపల అరగదీసి నీరు పోసేవారు. పటికయు అదే పని చేయును. సన్నని మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి, బరువెక్కించి దింపును. పటిక గడ్డను బిందెలో రెండు మూడు చుట్లు త్రిప్పితే చాలు, ఎక్కువైతే నీరు వగరెక్కును. తేరిన నీటిని గుడ్డలో వడపోయండి. కట్టుకొన్న చీర కొంగు కాదు సుమా, ఉతికిన పాత నూలు చీర, కనీసము నాలుగు మడతలు. బంగ్లాదేశ్‌లోని మత్‌లబ్ గ్రామాలలో చెరువు, ఏటి నీటిని ఇట్లు వడపోసినందున కలరా 48 శాతము తగ్గినదని 2003లో ప్రచురింపబడిన పరిశోధన తెలిపినది. సగము తగ్గుట గొప్ప మేలే. కాని మిగిలిన సగము మాట?

అందుకే బ్లీచింగ్ పౌడరు. వెయ్యి లీటర్లకు మంచి పౌడరు 2.5 గ్రాములు. బావి అడ్డుకొలతను మీటర్లలో తీసి, దానిని దానితోనే హెచ్చించి, నీటి లోతుతోను, 785తోను హెచ్చిస్తే లీటర్లు వచ్చును. 2 మీటర్ల బావిలో 3 మీటర్ల నీరుంటే 9,420 లీటర్లు, అనగా దాదాపు 24 గ్రాముల పౌడరు. బురదగా ఉన్న బావిలో వేస్తే మడ్డియే మందును తినివేయును. నీరు తేరిన తరువాతనే వేయండి. పౌడరును బకెట్ నీటిలో కలిపి పది నిమిషములు ఉంచి, అడుగున దిగిన సున్నమును పారవేసి, పై నీటిని మాత్రమే బావిలోనికి దింపి, బకెట్‌తో బాగుగా కదపవలెను. రాత్రి అందరును తోడుకొనిన తరువాత చేస్తే ఉదయమునకు సిద్ధము. కనీసము ఒక గంటవరకు ఎవరును తోడకూడదు. మూత తీసియుంచిన పాత పౌడరు పనికిరాదు.

పసిబిడ్డలున్న ఇంట ఆ నీటిని కూడా తెర్లకాచి చల్లార్చి ఇవ్వండి. అయితే ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో కాచుట వలన అది పోదు, బిందెలో త్రిప్పిన పటికకును పోదు; అక్కడ త్రాగుటకు వేరే నీరు చూచుకొనవలసినదే.