కేసు కొట్టేశారు, ఫొటో ఎవరు కొట్టేస్తారు?

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నామె మొన్న ఆదివారం నా చొక్కాలతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చింది. అందులో కొడుకు కాగితాలు. మూడేళ్ల కిందట నిమజ్జనం రోజు డీజే బండి దగ్గర కొట్లాట జరిగితే దొరికినవాళ్లందరితో పాటు వీణ్నీ ఎత్తుకెళ్లారు. ఆరు రోజులు రిమాండు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి కేసు కొట్టేశారు. ఇప్పుడు ఒక క్యాబ్ కంపెనీలో చేరబోతే వెరిఫికేషన్‌లో ఆ అరెస్టు మళ్లీ పైకొచ్చింది.

"కొట్టేసిన కాయితం ఉన్నది సార్. గని దాన్ని ఎవ్వరు చూస్తలేరు. పేపర్ల పడ్డ ఫొటోనే చూస్తున్నరు" అంది.

ఆ మాట తగలాల్సినవాడికే తగిలింది. జిల్లా డెస్కులో ఉన్న రోజుల్లో అలాంటి ఫొటోల కింద రాతలు రాసింది నేనే. ఫొటో ఎప్పుడూ ఒకటే. ముందు కుర్చీల్లో అధికారులు, బల్ల మీద పేర్చిన సెల్‌ఫోన్లు, నోట్లు, వెనకాల ముసుగులేసుకుని తల దించుకున్న కుర్రాళ్లు. కింద మా వాక్యం: 'నిందితులను మీడియా ముందు ప్రవేశపెడుతున్న పోలీసులు'. జడ్జి చూడకముందే మేం చూసేవాళ్లం, తీర్పూ మేమే చెప్పేసేవాళ్లం. పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు, వాడకట్టు అన్నీ అచ్చేసి ముఖానికి మాత్రం ముసుగు! ఊళ్లో ఎవరికి తెలియదని? ఆ కేసులు చివరికేమయ్యాయో ఒక్కసారైనా కనుక్కున్నానా అంటే, లేదు.

పోలీసులు మీడియాతో ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో మార్గదర్శకాలు తయారు చేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. ఇవాళ్టి జిల్లా పేజీ తెరిచి చూడండి, కుర్చీలూ ముసుగులూ కనబడతాయి. పైగా కొత్త నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షన్, అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, నేరం తీరు స్టేషన్లలో అందరికీ కనబడేలా, డిజిటల్‌గా కూడా, ప్రదర్శించమంటోంది. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియాలంటే ఇది మేలే. మరి బయటపడ్డవాళ్ల పేర్లు కూడా అదే బోర్డు మీద పెట్టమనే సెక్షన్ ఏది? నాకైతే కనబడలేదు.

అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, చేయాల్సిన అవసరం ఉండటం వేరని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అలవాటుగా అరెస్టు చేయొద్దని, నోటీసు ఇచ్చి పిలవొచ్చని 2014లో అర్నేష్ కుమార్ కేసులో మరోసారి గట్టిగా చెప్పింది. డీజే బండి దగ్గర తోపులాటకు నోటీసు సరిపోదా? కానీ నోటీసుకు ఫొటో ఉండదు కదా!

అరెస్టయినవాడికి జైల్లో గడిపే రోజులు చిన్న లెక్క. అసలు లెక్క బయట మొదలవుతుంది. ఇంటి ఓనరు 'మా అమ్మాయి వాళ్లొస్తున్నారు, ఖాళీ చేయండి' అంటాడు. కుదరబోయిన సంబంధం 'జాతకాలు కలవలేదు' అంటూ వెనక్కిపోతుంది. దుబాయ్ వెళ్లాలనుకున్నవాడి పాస్‌పోర్టుకు కోర్టులో నడుస్తున్న కేసు అడ్డు. అనుమతి కోసం మళ్లీ కోర్టుకే వెళ్లాలి. గడువేమీ చెప్పకుండా కోర్టు అనుమతిస్తే ఆ పాస్‌పోర్టు ఏడాదికే. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతటదే పడుతుంది. అటెండరుకు 48 గంటలు. మరి మంత్రికి? 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు ప్రకారం 30 రోజులు! అదీ ఇంకా చట్టం కావాలి.

మంత్రుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మన నాయకుడు జైలు నుంచి బయటికొస్తే గజమాల, క్రేను, పూలవాన, కార్ల ర్యాలీ. ఆయనకు అరెస్టు ఒక పతకం, వచ్చే ఎన్నికలకు పెట్టుబడి. ఇస్త్రీ బండి ఆమె కొడుక్కు అదే అరెస్టు జీవితాంతం మోసే మచ్చ. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కాకుండానే లోపలున్నవాళ్లు నూటికి 75 మందికి పైనే. వీళ్లలో క్రేను ఎదురొచ్చేది ఎందరికి?

మక్కా మసీదు పేలుళ్ల తర్వాత పాతబస్తీలో పట్టుకుపోయిన కుర్రాళ్ల సంగతి గుర్తుందా? 2007లో పేలుడు. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వం నష్టపరిహారం చెక్కులతో పాటు సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. డబ్బు సంగతి అలా ఉంచండి. కోర్టు వదిలేసిన మనిషికి 'వీడు మంచివాడే' అని సర్కారు విడిగా రాసివ్వాల్సి వచ్చిందంటే, మన దగ్గర కోర్టు తీర్పుకున్న విలువ ఎంతో చూడండి.

రాజీకి వీలున్న నేరంలో రాజీ కుదిరితే నిర్దోషిగా వదిలేసినట్టే లెక్క అంటుంది చట్టం. ఆ సంగతి ఇస్త్రీ బండి ఆమెకు చెప్పాను. "గట్లయితే అది పేపర్ల రాయుర్రి సార్" అంది. న్యాయమే కదా. పాత ఎడిషన్ వెతికించాను. ఉంది, రంగుల్లో, మూడు కాలాల ఫొటో. ముఖానికి జేబురుమాలు కట్టుకున్నాడు, ఎడమ నుంచి మూడోవాడు. నాకు తెలిసిన డెస్కుకు ఫోన్ చేసి, కేసు కొట్టేసిన సంగతి అదే పేజీలో నాలుగు లైన్లు వేయమన్నాను.

"మూడేళ్ల నాటి వార్త సార్, ఇప్పుడెవరు చదువుతారు?" అన్నాడు అవతలి కుర్రాడు.

క్యాబ్ కంపెనీవాళ్లు చదివారు బాబూ.