గురక ఆగిందంటే...

గురక పెడుతుంటే 'ఎంత గాఢంగా నిద్రపోతున్నాడో' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అసలు గమనించాల్సింది ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోవడాన్ని. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకు మించో ఊపిరి నిలిచిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటకు 30 సార్లు ఇలా జరిగితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా కిందే లెక్క. తెల్లారాక ఆ మనిషికి ఇదేదీ గుర్తుండదు. పగలు స్టీరింగు ముందు కునికిపాట్లు మాత్రం తప్పవు.

ఒకప్పుడు జబ్బు ముదిరితే గొంతుకు రంధ్రం పెట్టేవారు. 1980లో సిడ్నీలో డాక్టర్ కొలిన్ సలివన్ ముక్కుకు తొడుగు పెట్టి, గొట్టంతో గాలి ఊది చూశారు. సీప్యాప్ యంత్రం అలా పుట్టింది. అది మన బదులు ఊపిరి తీయదు, గాలి ఒత్తిడితో దారి మూసుకోకుండా చూస్తుంది, అంతే.

చిక్కంతా మొదటి వారాల్లోనే. నోరెండిపోతుంది, ముక్కు ఒరుసుకుపోతుంది, ఏనుగు తొండమొచ్చిందని పిల్లలు నవ్వుతారు. వేలు పోసి కొన్న యంత్రం అటకెక్కేది అప్పుడే! ముందు పగటిపూట టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. పక్కలనుంచి గాలి పోతుంటే బెల్టులు మరీ బిగించకండి, మాస్కు సైజు మార్పించండి. నోరెండితే హ్యుమిడిఫయర్ వాడండి. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి, రోజూ మార్చాలి. ఒత్తిడి అంకెను మాత్రం డాక్టరుకు చెప్పకుండా మార్చకూడదు.

కరెంటు పోతే? మాస్కు తీసేసి, పక్కకు తిరిగి పడుకోవడం మేలు.

యంత్రం రాత్రికే అనుకుంటారు కొందరు. మధ్యాహ్నం భోంచేసి తీసే కునుకులోనూ గొంతు మూసుకుపోతుంది.